ప్లూటోను తొలగించిన షరతు సరైనదేనా?

ప్రశ్న: గ్రహం అనిపించుకోవడానికి 2006లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య పెట్టిన మూడో షరతు నాకు మింగుడుపడటం లేదు. సూర్యుడి చుట్టూ తిరగాలి, గుండ్రంగా ఉండాలి, సరే. కక్ష్యను కూడా ఊడ్చుకోవాలట, అంటే తన దారిలో ఇతర పెద్ద వస్తువులు లేకుండా చేసుకోవాలట! 2015లో న్యూ హొరైజన్స్ వ్యోమనౌక పంపిన ఫొటోలో ప్లూటో మీది గుండె ఆకారపు మంచు మైదానం చూశాక ఇంకా ఉక్రోషంగా ఉంది. పేరు వస్తువును చూసి పెట్టాలా, ఇరుగుపొరుగును చూసా?

జవాబు: ఇరుగుపొరుగునే చూడాలండి. 1801లో కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే సిరీస్ దొరికినప్పుడు దాన్నీ గ్రహమనే అన్నారు. తర్వాత ఆ చుట్టుపక్కలే పల్లాస్, జూనో, వెస్టా బయటపడ్డాయి. చివరికి అన్నిటినీ గ్రహశకలాల్లో కలిపేశారు. ప్లూటోకు జరిగిందీ అదే. దానిలాగే నెప్ట్యూన్ అవతల తిరిగే ఎరిస్ కూడా దొరికింది, అది ప్లూటోకంటే బరువైనది మరి.

మరో జవాబు: నా పేచీ వేరు. ఆ నిర్వచనం సూర్యుడి దగ్గరే ఆగిపోయింది. ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే వేల గ్రహాల మాటేమిటి?

ప్రశ్న వేసినవారు: సిరీస్ కథతో సగం మెత్తబడ్డాను. కానీ బుధుడికంటే పెద్దదైన గానిమీడ్‌ను ఉపగ్రహమంటున్నాం, అదీ గురుడి చుట్టూ తిరుగుతోందని మాత్రమే!