ఇరవై ఒకటి నిండబోతున్న మేనకోడలు డిసెంబరులో ఊరికి రావచ్చా?

ప్రశ్న (కావలి నుంచి): అక్క, బావ టెక్సాస్ వెళ్ళి పదహారేళ్ళయింది. అప్పుడు మేనకోడలికి నాలుగేళ్ళు. వచ్చే మార్చిలో 21 నిండుతాయి, ఆ రోజుతో హెచ్-4 (అక్కడ హెచ్-1బి ఉద్యోగం చేసేవారి పిల్లలకిచ్చే హోదా) పోతుంది. బావ గ్రీన్‌కార్డు వంతు ఇంకా రాలేదు. అందుకని పోయిన వారమే ఎఫ్-1కు, అంటే విద్యార్థి హోదాకు, మార్చమని అక్కడినుంచే దరఖాస్తు పెట్టారు. ఇక్కడ మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, మనవరాలిని చూడాలంటోంది. డిసెంబరుకు టికెట్ కొనేశాం. ఇబ్బంది ఉంటుందా? వయసు తగ్గించి లెక్కగట్టే చట్టమొకటి, చిన్నప్పుడు వెళ్ళిన పిల్లలకు ఒబామా పెట్టిన పథకమొకటి ఉన్నాయంటున్నారు. అవి మాకు వర్తిస్తాయా?

జవాబు (ఒంగోలు నుంచి): ముందు టికెట్ సంగతి. దరఖాస్తు తేలకముందే దేశం దాటితే దాన్ని వదులుకున్నట్టే లెక్కిస్తారు. పాస్‌పోర్టులో హెచ్-4 వీసా ముద్రకు గడువుంటే పుట్టినరోజులోపు తిరిగి వెళ్ళవచ్చు గానీ, ఎఫ్-1 పని మళ్ళీ మొదటికొస్తుంది. నేనైతే రద్దు చేస్తాను.

ఒబామా పథకం మీకు రాదు. 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధమైన హోదా లేనివాళ్ళకే అది. కాగితాలన్నీ సక్రమంగా ఉండటం కూడా మీ అమ్మాయికి అడ్డే! మా అబ్బాయి విషయంలో ఇది విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వయసు తగ్గించే చట్టం మాత్రం నిజం, 2002 నాటిది. వంతు వచ్చిన రోజున పిల్లల వయసెంతో చూసి, తండ్రి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం సాధారణంగా కంపెనీ పెట్టే దరఖాస్తు) ఎన్నాళ్ళు పరిశీలనలో ఉందో అన్ని రోజులు తీసేస్తారు. అలా వచ్చిన వయసు 21 లోపుంటేనే తండ్రి దరఖాస్తులో పిల్లలూ ఉంటారు. మేం త్వరగా తేల్చమని ప్రీమియం రుసుము కట్టి రెండు వారాల్లో ఆమోదం తెచ్చుకుని స్వీట్లు పంచాం. వాడి వయసులో తగ్గింది ఆ రెండు వారాలే. ఏడాది నానిన వాళ్ళ పిల్లలకు ఏడాది కలిసొచ్చింది. ఇంకో మాట, వంతు వచ్చిందా లేదా అన్నది 2025 ఆగస్టు 15 నుంచి కొత్త దరఖాస్తులకు వీసా బులెటిన్‌లోని (ఎవరి వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే ప్రకటన) ఫైనల్ యాక్షన్ పట్టికతోనే చూస్తున్నారు. అంతకుముందు వీడియోల్లో చెప్పిన లెక్కలు పట్టించుకోకండి.

ప్రశ్న అడిగినవారు: బావను అడిగాను. ఆయనా ప్రీమియమే కట్టారట, పదకొండు రోజులు. ఫోనులో కాసేపు ఏమీ మాట్లాడలేదు. టికెట్ రద్దు చేస్తున్నాం. ఎఫ్-1 ఆమోదమయ్యాక వేసవిలో రావచ్చు కదా?

జవాబు (నెల్లూరు నుంచి): రావచ్చండీ. కానీ ఆ ఆమోదం వీసా కాదు. తిరిగి వెళ్ళాలంటే ఎఫ్-1 ముద్ర కావాలి, అంటే హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. హెచ్-4కు లేని చిక్కు ఇక్కడుంది. చదువయ్యాక స్వదేశానికి వెళ్ళిపోతానని అధికారికి నమ్మకం కలిగించాలి. తిరస్కరిస్తే మూడో సంవత్సరం చదువు అక్కడ, పిల్ల ఇక్కడ.

ప్రశ్న అడిగినవారు: అది విని మేనకోడలు, "ఇల్లెక్కడ అంటే కావలి అని చెప్పనా మామయ్యా?" అంది. ఈ ఇంటికి తను వచ్చింది రెండుసార్లే. రెండోసారి వచ్చినప్పుడు బాత్‌రూమ్ ఏ పక్కనో అడిగింది.

జవాబు (నెల్లూరు నుంచి): బట్టీ పట్టించకండి. పదహారేళ్ళుగా అక్కడున్న సంగతి వాళ్ళ కంప్యూటర్‌లోనే ఉంటుంది. చదువేమిటి, ఆ తర్వాత ఏం చేద్దామనుకుంటోంది, ఇక్కడ ఎవరున్నారు అన్నవి ఉన్నదున్నట్టు చెప్పమనండి. ఈసారి టికెట్ కొనేముందు ఐ-140 కాగితాలతో ఇమ్మిగ్రేషన్ లాయరును కలవమనండి. అంతవరకు అమ్మగారికి వీడియో కాల్ చేయించండి.