మానోమెట్రీకి బదులు న్యూక్లియర్ స్కాన్ సరిపోతుందా?

సందేహి: మా అత్తగారికి కొంతకాలంగా అన్నమే కాదు, మంచినీళ్లు కూడా ఛాతీ దగ్గర ఆగిపోతున్నాయి. ఎండోస్కోపీలో గడ్డ గానీ పుండు గానీ కనబడలేదు, ఎకలేషియా (అన్నవాహిక కింది కవాటం సరిగా వదులు కాక మింగినది ఆగిపోయే జబ్బు) కావచ్చన్నారు. ముక్కులోంచి గొట్టం వేసే మానోమెట్రీకి ఆమె ససేమిరా అంటున్నారు. అన్నవాహికకు న్యూక్లియర్ స్కాన్ తీయిస్తే చాలని ఒకరు, అది దండగని మరొకరు చెబుతున్నారు. ఏది సబబు?

గామా కెమెరా: దండగ అనడం అన్యాయం. 1972 నుంచి వైద్య సాహిత్యంలో ఉన్న ఈ పరీక్షలో, టెక్నీషియం-99ఎం సల్ఫర్ కొల్లాయిడ్ అనే రేడియోధార్మిక పదార్థం కొద్దిగా కలిపిన నీటిని రోగి ఒక్క గుటకలో మింగుతుండగా ఆ రేడియేషన్‌ను పసిగట్టే గామా కెమెరా వెంటవెంటనే చిత్రాలు తీస్తుంది. నీరు తన బరువుతో జారిపోకుండా చాలాచోట్ల పడుకోబెట్టి తీస్తారు. ఆరోగ్యవంతుల్లో దాదాపు 10 సెకన్లలో ఆ గుటకలో అధికభాగం జీర్ణాశయానికి చేరుతుంది. ఎకలేషియాలో చాలాసేపు పైనే నిలిచిపోతుంది. ఎంత శాతం మిగిలిందో అంకెల్లో తెలుస్తుంది. ఆ కొల్లాయిడ్‌ను పేగులు పీల్చుకోవు. టెక్నీషియం అర్ధాయువు 6 గంటలే కనుక రేడియేషన్ భయం అక్కర్లేదు.

జీర్ణకోశ పీజీ: అంకెలు వచ్చినంత మాత్రాన రోగం తేలదు కదండీ. నీరు నిలిచిందని స్కాన్ చెబుతుంది. కింది కవాటం వదులు కానందువల్ల నిలిచిందా, కండరాల్లో బలం లేకనా, అవి అదుపు తప్పి బిగుసుకోవడం వల్లనా అన్నది మాత్రం పీడనాన్ని కొలిచే మానోమెట్రీయే చెప్పాలి. అన్నవాహిక కదలికల లోపాలకు వైద్యులు వాడే షికాగో వర్గీకరణ ఎకలేషియాను మూడు రకాలుగా విడదీసేది దాని ఆధారంగానే. మూడో రకంలో కండరాన్ని మరింత పైవరకు కోయవలసి వస్తుంది కాబట్టి ఈ తేడా చికిత్సనే మారుస్తుంది. ఎంత నిలిచిందో చూడటానికే అయితే బేరియం ద్రవం తాగించి 1, 2, 5 నిమిషాలకు ఎక్స్‌రేలు తీసే బేరియం పరీక్ష ఉంది. అందులో అన్నవాహిక ఆకారమూ కనిపిస్తుంది, ఖర్చూ సాధారణంగా తక్కువే.

గామా కెమెరా: రకాన్ని తేల్చే శక్తి స్కాన్‌కు లేదన్నది ఒప్పుకుంటాను. కానీ బేరియం పరీక్షలో కొలిచేది నిలిచిన ద్రవం ఎత్తు. అన్నవాహిక బాగా సాగిపోయినవారిలో ఎత్తు తక్కువగా ఉన్నా పరిమాణం ఎక్కువగా ఉండవచ్చు. స్కాన్ లెక్కించేది పరిమాణాన్నే. అందుకే పోయెమ్ (నోటి ద్వారా ఎండోస్కోపీతో ఆ కండరాన్ని కోసే చికిత్స) తర్వాత ఎంత మెరుగైందో పోల్చడానికీ, స్క్లెరోడెర్మా (చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే జబ్బు) రోగుల్లో అన్నవాహిక చలనం మందగించిందేమో చూడటానికీ ఇది పనికొస్తుంది. మొదటి నిర్ధారణకు దీన్నొక్కదాన్నే నమ్ముకోమని నేనూ అనను.

జీర్ణకోశ పీజీ: అలాగైతే పేచీ లేదు. సందేహి గారూ, ముందు బేరియం తీయించండి. గొట్టమంటే భయం ఉన్నవారికి మత్తిచ్చి, ఎండోస్కోపీ సాయంతో మానోమెట్రీ గొట్టాన్ని లోపల అమర్చే వీలుంది. కొన్ని పెద్ద కేంద్రాల్లో ఎండోస్కోపీ సమయంలోనే చిన్న బెలూన్‌తో కవాటం ఎంత సాగుతుందో కొలిచే ఫ్లిప్ పరీక్ష కూడా చేస్తున్నారు. ఈ రెండింటిలో మీ దగ్గర ఏది దొరుకుతుందో వైద్యుణ్ణి అడిగాకే స్కాన్ సంగతి ఆలోచించండి.