కార్నౌబా వ్యాక్స్ నుంచి సీలెంట్‌కి మారాలి: బోరు నీటి మరకలకు ఏ పాలిష్?

కారు నలుపు. కడగడానికి బోరు నీళ్లే దిక్కు, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మోతాదు) 900 దాకా ఉంటుంది. బానెట్, రూఫ్ మీద గుండ్రటి తెల్ల మరకలు పడ్డాయి. పాత కార్నౌబా (ఒక రకం తాటి ఆకుల మైనం) పొర మీద సింథటిక్ సీలెంట్ (పెయింట్‌ను కాపాడే కృత్రిమ పూత) సరిగా పట్టదు కాబట్టి ముందు దాన్ని పూర్తిగా తీసేయాలి.

అనుకున్న వరుస ఇది: నీడలో, బండి చల్లారాక షాంపూ వాష్. తెల్ల వెనిగర్, డిస్టిల్డ్ వాటర్ సమానంగా కలిపి, తడిపిన మైక్రోఫైబర్ గుడ్డను మరక మీద ఒక నిమిషం ఉంచి, వెంటనే కడిగేయడం. తర్వాత క్లే బార్ (పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద), పాలిష్, నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుపు, చివరగా సీలెంట్.

చిక్కు ఎక్కడంటే, ఒక మూల వెనిగర్‌తో సున్నం పోయింది గానీ ఉంగరం లాంటి అంచు మిగిలింది. గోరు తగిలితే తెలియడం లేదు, లైటు వేస్తే కనిపిస్తోంది. మరక క్లియర్ కోట్‌ను (రంగు మీది పారదర్శక పొరను) తినేసినట్టుంది; ఇక వెనిగర్ ఎంత రుద్దినా దండగే.

దీనికి డ్యూయల్ యాక్షన్ మెషీన్ (ప్యాడ్ తిరుగుతూ ఊగే పాలిషింగ్ మెషీన్), మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫైన్ పాలిష్ చాలా? మీడియం కట్ కాంపౌండ్‌తో (ఫైన్ పాలిష్ కంటే ఎక్కువ అరగదీసేది) మొదలుపెట్టాలా? ఇంకొకటి: ముత్యాల్లా నిలిచే బొట్లే ఎండకు ఆరి మరకలవుతున్నాయి. నీళ్లు పొరలా జారిపోయే సీలెంట్ వాడినవాళ్లు ఉంటే పేరు చెప్పగలరా?