లక్ష దాటిన ర్యాంకుకు ఏ కాలేజీ, ఏ బ్రాంచి?

మాది తెనాలి. తమ్ముడికి ఇంటర్ ఎంపీసీలో 58 శాతం మార్కులు వచ్చాయి. ఓసీలకు కావలసిన 45 శాతం దాటాడు కాబట్టి ఇంజినీరింగ్ అర్హతకు ఢోకా లేదు. అయితే ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఏపీ ఈఏపీసెట్‌లో ఇంటర్‌ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండడంతో ర్యాంకు లక్ష దాటింది. వెబ్ ఆప్షన్లు (ఆన్‌లైన్‌లో కాలేజీ, బ్రాంచిల ఎంపిక) పెట్టే ముందు అనుభవజ్ఞుల సలహా కావాలి.

ఇంటికి దగ్గర్లోని ఒక కొత్త కాలేజీలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) సీటు దొరికేలా ఉంది. వెళ్లి చూశాం. ల్యాబ్‌లో కీబోర్డుల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయనే లేదు! ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీ మాత్రం గేటు కంటే పెద్దది. అందులోని పిల్లలు ఏ సంవత్సరం వారని అడిగితే ఆఫీసులో ఎవరూ నోరు విప్పలేదు.

రెండోది కాస్త దూరం, హాస్టల్ తప్పదు. పాత కాలేజీ, స్వయంప్రతిపత్తి (సిలబస్, పరీక్షలు సొంతంగా నిర్వహించుకునే హోదా) ఉంది, ట్రిపుల్‌ఈకి (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) కోర్సుల నాణ్యత చూసే ఎన్‌బీఏ గుర్తింపు కూడా ఉంది. అక్కడ ఆ బ్రాంచే వచ్చేలా ఉంది. వాడికి మోటార్లు విప్పి బిగించడం సరదా, కానీ నాన్నగారు కంప్యూటర్స్ తప్ప మరో మాట వినరు.

ట్రిపుల్‌ఈ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి గానీ, విద్యుత్ రంగంలోకి గానీ వెళ్లినవారు ఉంటే మీ అనుభవం చెప్పండి. మేనేజ్‌మెంట్ కోటా మా తాహతుకు మించినది, దయచేసి అది సూచించవద్దు. కాలేజీకి వెళ్లినప్పుడు అధ్యాపకుల సంగతి ఎవరిని, ఎలా అడిగితే నిజం తెలుస్తుంది?