మా అపార్ట్‌మెంట్ మేడ మీద సోలార్ పెట్టించాలి, హుద్‌హుద్ తుఫాను భయం పోయేదెలా?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, మధురవాడ. ఐదంతస్తులు, 40 ఫ్లాట్లు. లిఫ్టులు, నీళ్ల మోటార్లు, కారిడార్ లైట్లు కలిపి కామన్ మీటర్‌కి నెలకు సుమారు 1,500 యూనిట్లు అవుతోంది. మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కి దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క. అంటే ఒక్క మా బిల్డింగే నెలకు టన్ను పైన! మా చుట్టూ కొండవాలు దాకా కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తూనే ఉన్నాయి. అవన్నీ తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

12 కిలోవాట్ల సోలార్ పెడితే మా అవసరం చాలావరకు తీరుతుంది. కేంద్రం వాళ్ల సూర్యఘర్ పథకంలో అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు కిలోవాట్‌కి 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. ముడసర్లోవ రిజర్వాయర్ నీళ్ల మీదే ప్యానెళ్లు తేలుతున్నాయి కదా, మన మేడ మీద ఎందుకు కుదరదు అన్నాను మీటింగులో.

పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ గాలికి మా మేడ మీది సింటెక్స్ ట్యాంకు ఎగిరి పక్కసందులో పడింది. పిట్టగోడ మీద ఆ పగులు ఇప్పటికీ ఉంది. వాళ్ల భయం నాకూ అర్థమవుతుంది.

బీచ్‌కి దగ్గర్లో పెట్టించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. స్టాండ్లు స్లాబ్‌కి బోల్టులు వేసి బిగించారా, కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టారా? బోల్టులేస్తే వానాకాలం స్లాబ్ కారుతోందా? ఉప్పుగాలికి తుప్పు సంగతేంటి? దక్షిణం పక్కన ఇంకో టవర్ లేస్తోంది, నీడ పడితే ఏం చేయాలి? వచ్చే ఆదివారం మళ్లీ మీటింగ్ ఉంది. ఫొటోలుంటే పెట్టండి, మావాళ్లకి చూపిస్తాను.