బ్లేక్ 'లండన్' కవిత మీద పాప వ్యాసం, కాస్త దారి చెప్పండి

కొత్తగా రెడింగ్:
అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండు వచ్చి మూడు నెలలైంది. పాప ఇయర్ టెన్. విలియం బ్లేక్ 'లండన్' మీద వ్యాసం రాయాలట, ప్రతీకలు, ఇతివృత్తం చూపిస్తూ. పదహారు లైన్లే కదా అని మన టెన్త్‌లోలాగా ప్రతిపదార్థం, తాత్పర్యం రాయించాను. "ఇది విశ్లేషణ కాదు" అని టీచర్ తిప్పి పంపారు. ఆఖరి లైన్లో పెళ్లినీ పాడెబండినీ ఒకచోట కట్టాడు. అది పాపకి ఎలా చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

పాతకాపు, స్లౌ:
అమ్మా, కంగారు పడకండి. పరీక్షలో పోల్చమని రెండు కవితలూ ఇస్తారు. ఒక పట్టిక వేయించండి: మసి అంటే పాపం, సంకెళ్లు అంటే బానిసత్వం, చర్చి అంటే మతం. మావాడు అలాగే గట్టెక్కాడు. అంతకంటే ముఖ్యం, ఇల్లు. మీరు అద్దె ఇంట్లో చేరిన రోజే ఫోటోలు తీశారా? 2014లో మేం ఖాళీ చేస్తుంటే ఓనరు బాత్రూమ్ గోడ మీద బూజు చూపించి 350 పౌండ్లు కోశాడు. ఆ బూజు మేం చేరిన రోజే ఉంది! మా ఆవిడ దాన్ని వెనిగర్ పోసి ఎన్నిసార్లు రుద్దిందో. ఫోటో లేదు, ఏం చేస్తాం? డిపాజిట్ 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన రక్షణ స్కీములో పెట్టాలని, వాడు పెట్టనే లేదని తర్వాత తెలిసింది. అప్పటికి ఫోన్ ఎత్తడం మానేశాడు.

బందరు లడ్డు, క్రాయిడన్:
పాతకాపు గారూ, ఏక్యూఏ అనే పరీక్షల బోర్డయితే ఒక కవితే అచ్చు వేస్తారు. పోల్చడానికి రెండోది సిలబస్‌లోని పదిహేను కవితల్లో మిగతా పద్నాలుగింట్లోంచి గుర్తుపెట్టుకుని రాయాలి. ఆ పట్టిక కూడా ప్రతిపదార్థమేనండీ, పేరు మారింది అంతే.

చెల్లీ, మొదటి రెండు లైన్లలో 'చార్టర్డ్' రెండుసార్లు వస్తుంది, వీధికీ థేమ్స్‌కీ. చిత్తుప్రతిలో బ్లేక్ అక్కడ 'డర్టీ' అని రాసుకున్నాడు. మురికి వీధి అంటే కంటికి కనిపించింది చెప్పినట్టే. చార్టర్డ్ అంటే ఎవరి చేతిలో ఉందో చెప్పినట్టు. మన మాటల్లో, ఏటికి కూడా పట్టా రాసేసుకున్నారు. గ్రూప్స్‌కి చదివినవాళ్లకి 1793 చార్టర్ చట్టం గుర్తుంటుంది, ఈస్టిండియా కంపెనీకి ఇంకో 20 ఏళ్లు పొడిగించింది. ఈ కవిత అచ్చయింది 1794లో. మా బందరు అప్పటికే ఆ కంపెనీ చేతిలో ఉంది.

పాతకాపు, స్లౌ:
బ్లేక్‌కి మీ బందరు తెలుసా అండీ? ఇలా రాస్తే పాప మార్కులు గోవిందా.

బందరు లడ్డు, క్రాయిడన్:
వ్యాసంలో రాయమనలేదు. ఆ మాట బరువు పాపకి తెలియాలని చెప్పాను.

లాంబెత్ అక్క:
మీరిద్దరూ ఆగండి. బ్లేక్ 1790 నుంచి 1800 దాకా లండన్‌లో మా లాంబెత్‌లోనే ఉన్నాడు. ఇది చూసే కవిత కాదమ్మా, వినే కవిత. రెండో చరణంలో 'ఎవ్రీ' ఐదుసార్లు, అడుగుల చప్పుడులా. మూడో చరణంలో లైన్ల మొదటి అక్షరాలు పై నుంచి కిందికి చదవమనండి, 'హియర్' అని వస్తుంది! విను అని. అక్కడే చిమ్నీలు తుడిచే పిల్లాడి ఏడుపుకి నల్లబడుతున్న చర్చి 'అపాల్' అవుతుంది. ఆ మాటకి పాత అర్థం పాలిపోవడం, అచ్చం మన తెల్లబోవడమే. నల్లబడే చర్చి తెల్లబోయింది. ఇంకో లైన్లో సైనికుడి నిట్టూర్పు రక్తమై రాజభవనం గోడల మీద కారుతుంది. దాన్ని పట్టికలో ఏ గడిలో పెడతారు పాతకాపు గారూ?

పెళ్లి సంగతికి మొహమాటపడకు. వీధిలో బతికే అమ్మాయి శాపం, సుఖవ్యాధి రూపంలో పెళ్లయిన ఇంట్లోకి, పుట్టిన బిడ్డ దాకా వెళ్తుంది. ఇంగ్లండులో సెకండరీ పిల్లలకి ఇవన్నీ బడిలోనే చెప్తారు. నీకంటే పాపే తేలిగ్గా మాట్లాడుతుంది.

కొత్తగా రెడింగ్:
అక్కా, 'హియర్' చూపించగానే పాప పుస్తకం లాక్కుంది. పట్టిక చింపేశాం, పాతకాపు గారూ ఏమీ అనుకోకండి. ఇంతకీ మా డిపాజిట్ స్కీములో పెట్టారో లేదో ఎక్కడ చూడాలి?