లేనిపోని నింద వేసేవాళ్ళ మనసులో ఏముంటుంది? (చర్చ)

నాగావళి_గట్టు
మాది ఆమదాలవలస దగ్గర పల్లె. డ్వాక్రా సంఘంలో పదిమందిమి, ఆరేళ్ళుగా లీడర్ని నేనే. మా ఆయన చెన్నై పనికి వెళ్ళి పంపిన డబ్బుతో శ్రావణమాసంలో చెవులకి దుద్దులు చేయించుకున్నాను. వారం తిరక్కుండా ‘సంఘం వాయిదాల డబ్బు చెవులకెక్కింది’ అని వీధంతా పాకింది. మొదట అన్నది ఎదురింటావిడ. మా అమ్మ పోయినప్పుడు పన్నెండు రోజులూ మా ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని వండిపెట్టిన మనిషి ఆవిడే. అందుకే నాకు నిద్ర పట్టడం లేదు. పరాయివాళ్ళు అంటే పడేదాన్ని.

మూడు అడుగుతాను. ఆధ్యాత్మికంగా చూస్తే మనిషి ఇలా ఎందుకు ఆడిపోసుకుంటాడు? నింద వేసినవాళ్ళకి మన పాపంలో సగం పోతుందంటారు, నిజమేనా? పైడితల్లి అమ్మవారి గుడిలో ప్రమాణం చేసెయ్యమంటున్నారు, చెయ్యొచ్చా?

పాత_డిపో
ఓలమ్మా, కుండకి మూకుడుంటాది గాని లోకం నోటికి ఉండదు తల్లీ. నాను పద్నాలుగేళ్ళ కిందట రేషన్ డిపో నడిపినాను. బియ్యం అమ్మీసుకున్నానని ఒకడు సంతలో అనీసినాడు. ఆఫీసరొచ్చి బస్తాలు లెక్కెట్టినాడు, ఒక్క గింజ తక్కువ రానేదు. లెక్క సరిపోనాది గాని పేరు సరిపోనేదు. ఇప్పటికీ రథసప్తమికి అరసవల్లి ఎల్తే లైన్లో ఎనకాలోళ్ళు ‘డిపో బియ్యం’ అని గొణుగుతారు. సూర్యనారాయణ స్వామి ఎదురుగా నిల్చుని కూడా ఆ మాటే ఇనాల.

ప్రవచన_సేవ_విజయనగరం
అమ్మా, 22 ఏళ్ళుగా భారత భాగవతాలు చెబుతున్నవాణ్ణి, శాస్త్రం ఏమంటుందో నేను చెబుతాను. అందరూ ‘ఈర్ష్య’, ‘అసూయ’ ఒకటే అనుకుంటారు. కాదు. ఎదుటివాడి బాగు చూసి ఓర్చలేకపోవడం ఈర్ష్య. ఎదుటివాడి గుణంలోనే దోషం చూపించడం అసూయ. అమరకోశం అసూయకి ఇచ్చిన అర్థం అదే. ‘దోషారోపో గుణేష్వపి’. మీరు ఆరేళ్ళు పుస్తకం శుభ్రంగా రాశారు, అది గుణం. ఆ పుస్తకంలోంచే దొంగతనం పుట్టించారు. అది అసూయ. గీత తొమ్మిదో అధ్యాయం మొదట్లోనే కృష్ణుడు అర్జునుడితో, నీకు అసూయ లేదు కనక ఈ రహస్యం నీకు చెబుతున్నానంటాడు. పదహారో అధ్యాయంలో దైవీ సంపద వరసలో ‘అపైశునం’ అన్నాడు, అంటే చాడీలు చెప్పకపోవడం. అహింస, సత్యం ఉన్న వరసలోనే అదీ ఉంది.

అయినా లోకనింద సీతమ్మకే తప్పలేదు. ఒక చాకలి మాటకి అడవుల పాలయింది.

రేవు_గట్టు_బొబ్బిలి
గురువుగారూ, 22 ఏళ్ళుగా చెబుతున్నారు కదా, వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో ఆ చాకలి ఎక్కడున్నాడో చూపించండి. లేడు. రాముడు అడిగితే ఊళ్ళో జనం ఏమనుకుంటున్నారో చెప్పినవాడు భద్రుడు. అనుకుంటున్నది పౌరులు. ఒక్క కులం పేరు ఎత్తలేదు. మా నాన్న రేవులో బట్టలుతికి నన్ను చదివించాడు. ఐదో తరగతిలో రామాయణం పాఠం అయ్యాక పక్క బెంచీ పిల్లలు ‘మీవాడే కదా సీతమ్మని అడవికి పంపించింది’ అన్నారు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినకుండా ఇంటికి వెళ్ళిపోయాను. నింద గురించి మాట్లాడుతూ మీరు చేసిందేమిటి?

ప్రవచన_సేవ_విజయనగరం
నాకు నేర్పక్కర్లేదు. పద్మపురాణంలో రజకుడి ప్రస్తావన ఉంది. పెద్దలు చెప్పిన కథ నేను చెప్పాను. ఇందులో కులాన్ని కించపరచింది ఏముంది?

రేవు_గట్టు_బొబ్బిలి
ఏముందో అన్నం తినకుండా వెళ్ళినవాడికి తెలుస్తుంది.

రిటైర్డు_తెలుగు_మాస్టారు
ఇద్దరూ కాస్త ఆగండి. ఉత్తరకాండ 43వ సర్గ తీసి చూడండి, భద్రుడే. బొబ్బిలి అబ్బాయి చెప్పింది సరైనది. భాగవతం తొమ్మిదో స్కంధంలో రాముడు రాత్రి మారువేషంలో తిరుగుతూ, ఎవడో భార్యని దెప్పుతుంటే వింటాడు. అక్కడా కులం లేదు. అసలు ఉత్తరకాండే తర్వాత చేరిందని చాలామంది పండితులు అంటారు.

సింహాద్రి_భక్తుడు
మా నాన్నగారు ఉత్తరకాండతో సహా జీవితమంతా పారాయణ చేశారు. ప్రక్షిప్తం అంటే ఊరుకోను. మాస్టారైతే మాత్రం?

రిటైర్డు_తెలుగు_మాస్టారు
బాబూ, నాన్నగారి పారాయణని నేనేమీ అనలేదు. అడిగినావిడ ఏడుస్తోంది. ఆవిడ సంగతి చూద్దాం.

బాబామెట్ట_భాయ్
అప్పా, మా ఖురాన్‌లో 49వ సూరా 12వ వాక్యంలో, వెనక మాట్లాడటమంటే చచ్చిపోయిన తమ్ముడి మాంసం తినడమేనని ఉంది. చిన్నప్పుడు అది వింటే కడుపులో తిప్పేది. వెనకాల నిజం చెప్పినా అది గీబత్. అబద్ధమైతే బుహ్తాన్, ఇంకా పెద్ద పాపం. మా అమ్మ ఎవరైనా ఇంటికొచ్చి పక్కవాళ్ళ సంగతి మొదలెడితే ‘పాలు పొంగుతాయమ్మా’ అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. పొయ్యి మీద పాలుండవు. వచ్చినావిడ కాసేపు చూసి వెళ్ళిపోయేది. వినేవాళ్ళు లేకపోతే చెప్పేవాళ్ళు ఎంతసేపు చెబుతారు?

శాలిహుండం_కొండ
బౌద్ధంలోనూ సమ్యక్ వాక్కు అంటే మొదట అబద్ధం మానడం, వెంటనే ‘పిసుణా వాచా’ మానడం. ఇద్దరి మధ్య చిచ్చుపెట్టే మాట అని దానర్థం. వంశధార ఒడ్డున మా కొండ మీది స్తూపాలు చూడ్డానికి వచ్చేవాళ్ళు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు, ఇది ఎవరూ అడగరు.

చవితి_ప్రశ్న
ఆవిడ భాద్రపద చవితినాడు చంద్రుణ్ణి చూసి ఉంటుంది. వ్రతకథ విని అక్షింతలు తలమీద వేసుకుందా లేదా? నేను ఒకసారి చూశాను, ఆ ఏడాదే మా ఆఫీసులో ఫైలు పోయింది, నా మీదకొచ్చింది.

పార్వతీపురం_నుంచి
ఇంతసేపూ చదివాను. మీరందరూ నింద పడ్డవాళ్ళు. నేను వేసినవాణ్ణి.

మా పక్క సీటు అతను, ఇరవై ఏళ్ళ స్నేహం. వాళ్ళబ్బాయికి ఇంజనీరింగులో మంచి సీటు వచ్చింది, మావాడికి రాలేదు. ఒక సాయంత్రం కాంప్లెక్సు దగ్గర టీ తాగుతూ, ‘ఏమో మరి, ఆ ఫీజులకి డబ్బు ఎక్కణ్ణించి వస్తోందో’ అన్నాను. అంతే. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు, ఒక ప్రశ్న వేశాను. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది. ఇప్పుడు తలుచుకుంటే నాకు భయం వేసేది ఆ నిద్ర గురించే. నా కొడుకు ఓడిపోయిన బాధని తీసుకెళ్ళి అతని గుమ్మంలో పడేసి వచ్చాను, నా ఇల్లు తేలికైంది.

మూడు వారాలకి వేరే ఊరి మనిషి నాకే చెప్పాడు, ‘మీ ఆఫీసులో ఫలానాయన రెండు లక్షలు తిన్నాడటగా’ అని. ఆ రెండు లక్షలు నేను అన్లేదు. మధ్యలో ఎవరు చేర్చారో తెలీదు. వాళ్ళింటికి వెళ్ళాను. అతను వరండాలో సైకిలు చైనుకి నూనె వేస్తున్నాడు. తలెత్తలేదు. వాళ్ళావిడ మంచినీళ్ళు తెచ్చి అరుగుమీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది, ఎప్పుడూ చేతికి ఇచ్చేది. ఆ మాట మొదట అన్నది నేనేనని చెప్పాను. అతను సరేనని చైను తిప్పుతూ ఉండిపోయాడు.

అమ్మా, మీ ఎదురింటావిడకి మీ దుద్దులు కనబడ్డ రోజున ఆవిడ ఇంట్లో ఏం జరిగిందో కనుక్కోండి.

పాత_డిపో
బావూ, నీలాగ ఒక్కడొచ్చి నా గుమ్మంలో నిల్చునుంటే పద్నాలుగేళ్ళు నాకు తిరిగొచ్చీసేవి.

ధర్మపురి_అత్త
అవన్నీ కాదు. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమానోత్సవం. లక్షలమంది ముందు కాదుగాని, గుళ్ళో కర్పూరం ఆర్పి ప్రమాణం చేసెయ్యి. అబద్ధమాడినవాళ్ళని అమ్మవారే చూసుకుంటుంది.

రేవు_గట్టు_బొబ్బిలి
అప్పా, ప్రమాణం వద్దు. చవితినాడు మనం చెప్పుకునే కథలో కృష్ణుడు ఏం చేశాడు? శమంతకమణి కోసం ప్రసేనుణ్ణి చంపేశాడని సత్రాజిత్తు అన్నాడు. కృష్ణుడు ఒట్టు పెట్టుకోలేదు. ఊరివాళ్ళని వెంటబెట్టుకుని అడవికి వెళ్ళి అడుగుజాడలు పట్టాడు. ప్రసేనుడి శవం, తర్వాత సింహం శవం, తర్వాత గుహ. జాంబవంతుడితో ఇరవై రోజులు కొట్లాడి మణి తెచ్చాడు.

ప్రవచన_సేవ_విజయనగరం
ఇరవై ఎనిమిది రోజులు. బయట ఉన్నవాళ్ళు పన్నెండు రోజులు చూసి వెళ్ళిపోయారు. తెచ్చాక సత్రాజిత్తుని సభకి పిలిపించి, రాజు ముందు జరిగింది చెప్పి, మణి అతని చేతికే ఇచ్చాడు. నువ్వు చెప్పిన దారి సరైనదే. రాత్రి పురాణాలు మళ్ళీ తిరగేశాను. రేపటి నుంచి సీతమ్మ కథ చెప్పేటప్పుడు ‘పౌరులు’ అనే చెబుతాను.

రేవు_గట్టు_బొబ్బిలి
సంతోషం గురువుగారూ. ఇరవై ఎనిమిదే, నాదే పొరపాటు. అప్పా, మీ మణి ఆ పాస్‌బుక్కే. బ్యాంకులో ఎంట్రీలు వేయించి సంఘం మీటింగులో పెట్టండి.

నాగావళి_గట్టు
ఎనిమిది రోజులైంది, చెబుదామని వచ్చాను. బ్యాంకులో ఎంట్రీలు వేయించాను. మీటింగులో ఒక్కో వాయిదా తేదీతో సహా పైకి చదివాను. దుద్దుల రసీదు కూడా చూపించాను, ఎవరూ అడగలేదు, నా మనసాగక చూపించాను. ఎదురింటావిడ తలుపు దగ్గర కూర్చుంది, మాట్లాడలేదు. పార్వతీపురం ఆయన చెప్పినట్టు కనుక్కున్నాను. శ్రావణంలోనే కూతురి కాన్పుకని ఆవిడ పుస్తెలతాడు తాకట్టుకి వెళ్ళిందట. నాకెవరూ చెప్పలేదు.

ఇవాళ పొద్దున్న తలుపు తీస్తే గుమ్మంలో తోటకూర కట్ట ఉంది. వాళ్ళ దొడ్డిదే, అరటినార కట్టిన తీరు చూస్తే తెలుస్తుంది. అమ్మ ఉన్నప్పుడు ఆవిడ అలాగే పెట్టేది. తీసుకోవాలో వద్దో తెలియక, వాడిపోకుండా నీళ్ళు చల్లి అక్కడే ఉంచాను.

పాత_డిపో
నా గుమ్మంలో ఇన్నేళ్ళలో ఎవులూ ఏటీ ఎట్టనేదు. వండుకో తల్లీ.